కేశవరావుకి ఆ మాట ఎక్కడిది?

"కేశవరావు నన్ను పదిమందిలో ఇగ్నోరామస్ అన్నాడండీ మేస్టారూ! హద్దురాయి పీకేసి గట్టు నా తోటలోకి జరిపింది వాడు. తిట్లు మాత్రం నాకు!"

బంగారరాజు కూర్చోలేదు. అరుగు ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

"ముందు కొబ్బరినీళ్లు తాగరా," అన్నారు ప్రసాద్ మేస్టారు. ముక్తేశ్వరం బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. గుమ్మం పక్కన బొండాల గెల పచ్చగా ఉంది.

"మీకు చెట్లు లేవు కదండీ?"

"ఎవరో అభిమానంకొద్దీ పంపేరు. ఏడో క్లాసులో కిటికీ పక్క బల్లమీంచి లేచి పారిపోయినవాడివి, ఇన్నాళ్లకి మాటకి అర్థం అడగడానికొచ్చేవా?"

"అంత పెద్ద తిట్టాండీ అది?"

"మొదట్లో తిట్టే కాదు. లాటిన్‌లో 'మాకు తెలియదు' అని. వెనకటికి ఇంగ్లండులో సరైన సాక్ష్యం లేని ఫిర్యాదు వస్తే, జ్యూరీ పెద్దలు ఆ కాగితం వెనక ఈ మాట రాసేవారు. కేసు అక్కడితో సరి. పోనుపోను ఏమీ తెలియని మొద్దుకి పేరైపోయింది."

"వాడూ నాతోపాటు బడి ఎగ్గొట్టినవాడేగా! వాడికెక్కడ దొరికిందండీ?"

మేస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఫోన్లో చూసుంటాడు."

"పోనివ్వండి. రేపు సర్వేయరొస్తున్నాడు. మీరు చూపించిందే హద్దని ఇద్దరం ఒప్పుకున్నాం. మీరు చెప్పలేకపోతే ఇప్పుడున్న గట్టే ఖాయం చేస్తాడంట. మా నాన్నా, వాళ్ల నాన్నా రాయి పాతినప్పుడు కొలతగొలుసు పట్టింది మీరే కదండీ. వస్తారుగా?"

"ఆయ్, రాకేం?"

మర్నాడు మేస్టారు గట్టు దగ్గరికి వచ్చారు.

"పాత రాయి ఎక్కడుండేదండీ?" సర్వేయరు అడిగాడు.

మేస్టారు గట్టు పొడుగునా చూశారు. "వయసైపోయింది బాబూ. గుర్తు రావట్లేదు."

"ఆ రెండు చెట్ల మధ్యనండీ! కాస్త గుర్తు తెచ్చుకోండి మేస్టారూ!" బంగారరాజు వేలు పెట్టి చూపించాడు.

"తెలీదురా."

పెద్దాయన, మతిమరుపు, బంగారరాజు ఏమనగలడు? కొత్త రాయి పాతేశారు. నాలుగున్నర సెంట్లు, కాపుమీదున్న తొమ్మిది చెట్లు అవతలికి పోయాయి. అయినా గట్టు దిగుతూ తూలిన మేస్టారికి తనే చెయ్యందించాడు.

రోడ్డు మీద కేశవరావు బండి స్టార్ట్ చేశాడు.

"ఎక్కండి మేస్టారూ, దారిలో ఇంకో ఇంగ్లీషు మాట చెబుదురుగాని."