రైళ్ల గది

బొమ్మ రైళ్ల షాపులో అత్తగారు మూడో పెట్టె కూడా కౌంటర్ మీద పెట్టేసరికి అల్లుడికి కంగారు పుట్టింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేడు. ఆవిడ ముచ్చటపడి ఇవన్నీ కొనుక్కున్నాక “ఆ గది మాకు కావాలి అత్తయ్యా” అంటే అంతకంటే పాపం ఇంకోటి ఉండదు.

చెప్పాల్సిన మాట చిన్నదే. వచ్చే నెల బిడ్డ పుడుతుంది. ఇంట్లో ఉన్న రెండు గదుల్లో ఒకటి అత్తగారి బొమ్మ రైళ్లది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్ల, దాని మీద పట్టాలు, కొండ, సొరంగం, ఒక ఊరు. తను హాల్లో మంచం వేసుకుని పడుకుంటూ గదిని రైళ్లకిచ్చిన మనిషి ఆవిడ. ఆ మాట అనడానికి కన్నకూతురికే నోరు రాలేదు. “నువ్వే చెప్పు, నేనైతే ఏడ్చేస్తాను” అని మొగుణ్ణి ముందుకు తోసి తను తప్పుకుంది.

జేబులో ఫోన్ కదిలింది. “చెప్పావా?” అని భార్య.

“ఇంకా స్టేషన్ దగ్గరే ఉన్నాం” అని కొట్టి, ఫోన్ లోపల పెట్టేశాడు.

అబద్ధమేం కాదు. అత్తగారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, స్టేషన్ బొమ్మ ఉన్న పెట్టెను ముక్కుకి ఆనించుకుని చూసి పక్కన పెట్టుకుంది. తర్వాత ఇళ్ల మీద పడింది.

“ఈ ఇంటికి కిటికీలు తెరుచుకుంటాయా?”

“లేదమ్మా. అంటించుకోవడమే, మూసే ఉంటాయి,” అన్నాడు షాపతను.

“అయితే వద్దు. పట్టపగలు కిటికీలు మూసుకునేవాళ్లు మా ఊళ్లో లేరు. ఆ వరండా ఉన్న ఇల్లు ఇవ్వండి. సాయంత్రం పూట ఎవరో ఒకరు కూర్చుంటారు.”

షాపతను నవ్వుతూ తీసిచ్చాడు. పోస్టాఫీసు తీసుకుంది. బడి తీసుకుంది. గోదాములు చూసి మొహం మొత్తిందంది. ప్రతి పెట్టె మూత తీయించి, లోపలి ముక్కల్ని వెలుగులో పెట్టి, కూరగాయలు ఏరినట్టు ఏరుతోంది.

ఊరికే నిలబడలేక అల్లుడు స్టేషన్ పెట్టె తెరిచాడు. అతనికి అనుమానం వచ్చింది. నూనె పెట్టడానికి ఆవిడ ఇంజన్ని భోజనాల బల్ల మీదికి తెస్తూ ఉంటుంది కాబట్టి దాని సైజు తెలుసు. ఆ గదిలోకి మాత్రం అతనెప్పుడూ అడుగు పెట్టలేదు. జిగురు వాసన పడదు.

“అత్తయ్యా, మీ ఇంజను జానెడు ఉంటుంది. ఈ స్టేషనేమో అరచేతిలో పడుతోంది. రైలొచ్చి ఆగితే స్టేషన్ కనపడదు.”

“తెలుసు బాబూ.”

“తెలిసే తీసుకుంటున్నారా?”

“చిన్నదైనంత మాత్రాన ఊరు కాకుండా పోతుందా?”

అల్లుడు షాపతని వంక చూశాడు. అతను ఉన్నట్టుండి దుమ్ము దులపడంలో మునిగిపోయాడు. పాపం, పెద్దావిడకి కళ్లు ఆనడం లేదు, ఒప్పుకోవడానికి మనసొప్పడం లేదు అనుకున్నాడు అల్లుడు. అనుకున్నాక కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఇవి సరిపోవు, ఇంకోసారి వద్దాం అని బయటికి తీసుకెళ్లిపోతే చాలు. దారిలో నెమ్మదిగా గది సంగతి ఎత్తొచ్చు. నోరు తెరిచాడు.

“చూశారా బాబూ,” అంది అత్తగారు. ఆవిడ గోటి మీద ఒక బుల్లి తలుపు ఉంది. “గొళ్లెం కూడా చెక్కారు. ఎవరికి కనిపిస్తుందని?”

ఆ మొహంలో సంబరం చూసి అల్లుడి మనసు కరిగిపోయింది. ఈవిడ దగ్గర గది లాక్కుని మనం బావుకునేదేముంది అనిపించింది. అమ్మయ్య అని కూడా అనిపించింది.

“అత్తయ్యా, మీకొకటి చెప్పాలని వచ్చాను. ఇక చెప్పను. ఆ గది మీదే. పుట్టేది పిల్లయినా పిల్లాడైనా మా గదిలోనే పడుకుంటారు. బీరువా హాల్లోకి జరిపితే సరి. మీ అమ్మాయికి నేను సర్దిచెబుతాను.”

అత్తగారు ఆ తలుపుని జాగ్రత్తగా పెట్టెలో పెట్టేసి అల్లుడి వంక చూసింది.

ఆవిడ కళ్లలో నీళ్లు చూసి అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. పక్కకి తిరిగాడు. అక్కడ ఎవరో వాడి ఇచ్చేసిన వస్తువుల అరలో, కట్టి సిద్ధంగా ఉన్న పెద్ద స్టేషన్ కనిపించింది. పెంకుల అంచుల్లో నాచు పట్టినట్టు రంగు వేసి ఉంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ, బెంచీ మీద ఎవరో మర్చిపోయిన చేతిసంచీ. బొమ్మల జోలికే పోని మనిషి వంగి మరీ చూశాడు.

“ఆ బుల్లివి పక్కన పెట్టేయండి అత్తయ్యా. మీ ఇంజనుకి తగ్గ స్టేషన్ ఇదీ. నేను కొనిపెడతాను.” షాపతని వైపు తిరిగాడు. “ఎవరండీ ఇది కట్టింది? ప్రాణం పెట్టి కట్టారు. ఇలాంటిది వదులుకోవడానికి మనసెలా ఒప్పిందో.”

షాపతను అత్తగారి వైపు చూశాడు.

“నేనే బాబూ,” అంది ఆవిడ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. “నిన్న మీరిద్దరూ ఆఫీసుకెళ్లాక పుట్టే బిడ్డకని ఆ గదంతా ఖాళీ చేసి, అన్నీ ఇక్కడ ఇచ్చేశాను. ఈ బుల్లి ఊరైతే నా మంచం కిందే పట్టేస్తుంది.”