ముందే వచ్చేసిన ఈజిప్టు ఫోటోలు

ఈజిప్టుకి టిక్కెట్లు కొననేలేదు, ఫోటోలు మాత్రం వచ్చేశాయి. ఎక్కడికైనా వెళ్దామని ఇంట్లో అనుకుంటే చాలు, ఈ ఫోన్లు ఫోటోలు తయారుచేసి చుట్టాలందరికీ పంపేస్తున్నాయి.

"పిరమిడ్ల ముందు ఎంత బాగా నవ్వావో! అందరూ చూసేశారుగా, ఇంక వెళ్లడం దేనికి?" అన్నారు మా ఆయన.

నాకు ఒళ్లు మండింది. "నా మొహం! ఆ చీర నాకు లేనే లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగానండీ. ఆ రాళ్లని నా చేత్తో తాకాలి."

అంతలో ఆడపడుచు రుక్కు ఫోన్ చేసింది. "వదినా, అంత దూరం వెళ్లొచ్చారు, మాకేం తెచ్చారు?"

ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. "మీ చెల్లెలికి మీరే చెప్పండి."

ఆయన "తెస్తాంలేవే" అని ఫోన్ పెట్టేశారు. తర్వాత స్టూలెక్కి, అటక మీది సూట్‌కేసు దించారు.