దాటించేసిన చోటు

“మెల్లగా చెప్పవే నబ్బోసా! వీడియో హాల్లో పరాయి సినిమాను మన భాషలో చెప్పే వీజే అయినా ఇలా తరుముతాడా?” అంది మా జజ్జా, అంటే నాయనమ్మ.

ఇంగ్లీషు సిరీస్‌ను ఫోన్‌లో రెట్టింపు వేగంతో చూస్తూ ఆమెకు మా లుగాండా భాషలో చెబుతున్నాను. కంపాలాలో మా కాలేజీ వాళ్లందరికంటే ముందు నా రివ్యూ వీడియో పెట్టాలి మరి.

“తండ్రి పోయాడు. కూతురికి ఉద్యోగం వచ్చింది. ఇదిగో, పెళ్లి.”

“ఆగాగు. తండ్రి పోయాక ఆ పిల్ల ఏం చేసింది?”

“ఏముంది జజ్జా, ఊరికే కూర్చుంది. బోరు కొట్టి దాటించేశా.”

నాయనమ్మ నా వేలు పట్టుకుంది.

“మీ నాన్న పోయినప్పుడు నువ్వూ అలాగే కూర్చున్నావు.”

ఫోన్‌లో పెళ్లివాళ్లు గబగబా గెంతుతున్నారు. ఆపేశాను.

“వెనక్కి తిప్పు,” అంది. “ఆ పిల్ల పక్కన ఎవరైనా కూర్చున్నారేమో చూద్దాం.”