కారు కరెంటు

"మీరు తీస్తారా, నన్ను కోసెయ్యమంటారా?" హిందీలో అన్నాడు అపార్ట్‌మెంటు సెక్రటరీ ఖన్నా. చేతిలో కటింగ్ ప్లయర్ ఉంది.

కోస్తే ఏమవుతుందో త్యాగరాజుకు తెలుసు. ఆ వైరు కింది గ్యారేజీలో ఉన్న కారులోంచి బయల్దేరి, గోడ పట్టుకుని రెండో అంతస్తుకు పాకి, కిటికీలోంచి వచ్చి వాళ్ల నాన్న వెంకటసుబ్బయ్య మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషన్‌కు కరెంటు ఇస్తోంది. పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఆ వీధికంతా కరెంటు పోయింది. సిలిండరు తెచ్చేవాడు పొగమంచులో బండి నడపలేనని ఫోన్ పెట్టేశాడు. మిషన్ ఆగితే ముసలాయన ఊపిరి ఆగుతుంది.

"అది మా నాన్న ప్రాణం ఖన్నాజీ. ముట్టుకుంటే మర్యాద దక్కదు."

"పిల్లలు తిరిగే చోటు రాజు సాబ్. ఎవరికైనా షాక్ కొడితే? ఇది కంపెనీవాడు పెట్టాడా?"

"నేనే పెట్టాను."

"అదే నా భయం."

త్యాగరాజుకు ఒళ్లు మండింది. ఆఫీసులో ఫైళ్లు చూసే మనిషే గానీ, ఆదివారం వచ్చిందంటే ఆ కారుకు ఏదో ఒకటి తగిలించకపోతే ఆయనకు అన్నం సయించదు. సీటు కవర్లు, కెమెరాలు, చివరికి కారు కరెంటును ఇంటికి పంపే ఈ ఇన్వర్టరు, అన్నీ వీడియోలు చూసి స్వహస్తాలతో బిగించినవే. గ్యారేజీని కూడా వదల్లేదు. ఢిల్లీ పొగ కారుకు సోకకూడదని షట్టర్ అంచులన్నిటికీ రబ్బరు పట్టీలు అతికించాడు, వైరు వచ్చే కన్నాన్ని ఎం-సీల్‌తో పూడ్చాడు. దోమ కూడా దూరదని తెగ మురిసిపోయాడు.

ఖన్నా గొణుక్కుంటూ మెట్లు దిగాడు. త్యాగరాజు భార్యను పిలిచాడు.

"కస్తూరీ, నువ్వెళ్లి కారులో కూర్చో. షట్టర్ దించి లోపల గడియ పెట్టుకో. వీడు నేను చూడకుండా వైరు పీకినా పీకుతాడు."

"పంతాలెందుకండీ? ఆయనకు నేను నచ్చజెబుతాను."

"నచ్చజెబితే వినే మొహమా అది? వెళ్లు. నాన్న దగ్గర నేనుంటా."

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లని కస్తూరికి పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. కిందికి వెళ్లింది. షట్టర్ దిగిన చప్పుడు పైకి వినిపించింది.

చాలాసేపటికి ఆమె ఫోన్ చేసింది. "ఏవండీ, బ్యాటరీ అయిపోవచ్చినట్టు చూపిస్తోంది."

"కంగారు పడకు. ఉత్త బ్యాటరీ బండి కాదది. అది అయిపోతే పెట్రోలు ఇంజన్ దానంతటదే అందుకుంటుంది. ట్యాంకు నిండా ఉంది."

"ఆఁ, స్టార్టయిందండీ."

త్యాగరాజు గుండెల మీంచి బరువు దిగింది. "ఇంక రేపటిదాకా ఢోకా లేదు నాన్నా," అన్నాడు మంచం మీద కూర్చుంటూ.

"అమ్మాయేదిరా?" ముసలాయన ఒక్కో మాటా కూడదీసుకుంటూ అడిగాడు.

"కింద కారులో ఉంది, కాపలా."

"చలి కదరా."

"హీటరుంది నాన్నా."

మళ్లీ ఫోన్ మోగింది. "నిద్ర ముంచుకొస్తోందండీ," అంది కస్తూరి. గొంతు ముద్దగా ఉంది.

"రాత్రంతా నాన్న దగ్గర మేలుకున్నావుగా. సీటు వాల్చుకుని పడుకో. గడియ మాత్రం తియ్యకు."

ముసలాయన ఊపిరి సమంగా ఆడుతోంది. త్యాగరాజుకు కూడా కళ్లు మూతలు పడుతున్న సమయంలో తలుపు దబదబా మోగింది.

"రాజు సాబ్, దర్వాజా ఖోలో. ముందు కారు ఆపండి." ఖన్నా గొంతు.

"వచ్చాడండీ మహానుభావుడు," అని త్యాగరాజు సోఫాను తలుపుకు అడ్డంగా జరిపాడు. "ఆపను. ఏం చేసుకుంటావో చేసుకో."

"భాభీజీ షట్టర్ తియ్యడం లేదు, లోపల..."

"తియ్యదు. నేనే తియ్యొద్దన్నాను."

"అరే భాయ్, నా మాట వినండి. అక్కడ..."

"పొద్దుట్నుంచీ విన్నది చాలు. పోలీసులకు ఫోన్ చెయ్యమంటావా?"

బయట మెట్ల మీద పరుగులు వినిపించాయి.

"ఏదో చెప్పబోయాడురా. తలుపు తీసి విను," అన్నాడు వెంకటసుబ్బయ్య.

"మీకు తెలీదు నాన్నా. తలుపు తీస్తే తిన్నగా వచ్చి ప్లగ్గు పీకుతాడు."

కింద ఇనుము మీద ఇనుము మోగుతోంది. షట్టర్ బద్దలు కొడుతున్నారు. త్యాగరాజు పళ్లు నూరుతూ కస్తూరికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఇంత గోలలోనూ ఆవిడకు నిద్రెలా పట్టిందో అనుకున్నాడు.

అంతలో ట్యూబులైటు వెలిగింది. వీధిలో పిల్లలు కేరింతలు కొట్టారు. త్యాగరాజు మిషన్ ప్లగ్గును కారు వైరులోంచి తీసి గోడకు పెట్టాడు. ముసలాయన ఛాతీ పైకీ కిందికీ ఆడుతోంది. గెలిచాం అనుకున్నాడు. సోఫా లాగి, ఖన్నాను నాలుగు మాటలతో కడిగెయ్యాలని తలుపు తీశాడు.

ఖన్నా రొప్పుతూ మెట్లెక్కి వస్తున్నాడు. రెండు చేతులూ నెత్తురు.

"గ్యారేజీ నిండా పొగ రాజు సాబ్. సందు లేదు, బయటికి పోలేదు. భాభీజీని బయటికి లాగాం. ఊపిరి అందడం లేదు. ఆ మిషన్ ఇవ్వండి, జల్దీ."

త్యాగరాజు వెనక్కి తిరిగి చూశాడు. వెంకటసుబ్బయ్యకు హిందీ రాదు. అయినా ముక్కులోని పైపు అప్పటికే లాగేసి, కొడుకు వైపు చాపాడు.

"తీసుకెళ్లరా. అమ్మాయికి పెట్టు."

కింది నుంచి ఎవరో ఆడమనిషి నెమ్మదిగా అంది, "ఉండనివ్వండి ఖన్నాజీ. ఇంక ఆమెకు దాంతో పని లేదు."