వందన సమర్పణ

రాజమండ్రిలో ఓ ప్రైవేటు కాలేజీలో వర్ణవివక్ష వ్యతిరేక పోరాటాల మీద సభ జరుగుతోంది. ముఖ్య అతిథి లోకనాథ్ గారు రిటైరైన చరిత్ర లెక్చరర్. గంటసేపు మాట్లాడారు.

"దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల పేటలో నల్లవాళ్లకి ఇల్లు దొరికేది కాదండి! చర్మం రంగు చూసి మనిషిని గడప దగ్గరే ఆపేసేవారు. ఆ చట్టాల్ని ఎదిరించి ఎంతమంది జైళ్లలో మగ్గిపోయారో!" అంటూ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. పిల్లలూ తుడుచుకున్నారు.

వందన సమర్పణకు ఇంగ్లీషు లెక్చరర్ రూతు లేచింది. కొత్తగా చేరింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"రెండు ముక్కల్లో కానిచ్చెయ్యండమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆమె మైకు అందుకుంది.

"లోకనాథ్ గారు నిజంగానే రంగు పట్టించుకోరండి. ఆ సంగతి నాకు స్వయంగా తెలుసు. మొన్న ఆదివారం వాళ్ల మేడమీద పోర్షన్ అద్దెకి అడగడానికి వెళ్లాను. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. నా రంగు ఊసే ఎత్తలేదు. కులం అడిగారు. చెప్పాను. పోర్షన్ ఎవరికో ఇచ్చేశామన్నారు. టులెట్ బోర్డు ఇవాళ పొద్దున కూడా గేటుకి వేలాడుతోందండి."

చప్పట్లు కొట్టడానికి లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ గారు కంగారుగా మైకు కోసం చెయ్యి చాపారు. ఆయనకంటే ముందే లోకనాథ్ గారు అందుకున్నారు.

"అన్యాయమండీ!" అన్నారాయన నిజమైన బాధతో. "నా జన్మలో ఎవర్నీ కులం అడిగి ఎరగను. 'మీరేవిట్లమ్మా?' అని మర్యాదగా అడిగానంతే."