ఖిలాలో కిరికిరి

“అన్నా, జర దగ్గరికి జరుగు. అక్కను చూడు. ప్రేమగ!” కెమెరా వెనక నుంచి అరిచాడు శ్రీకాంత్.

ఓంకార్ జరిగాడు. చూశాడు. అతని దగ్గర ప్రేమకేం కొదవ? చిన్నప్పటి నుంచి స్టాకు పేరుకుపోయి ఉంది. చూడనిది మహితే. ఆమె కళ్లు చేతిలోని ఫోన్ మీద ఉన్నాయి.

పెళ్లికి ముందు తీసే ఫొటోలు. పొద్దున ఆరింటికే ఖిలా వరంగల్‌లో దిగారు. మహితది ఎర్ర పట్టుచీర. ఓంకార్‌ది బంగారు రంగు షేర్వాణీ. మట్టెవాడ టైలర్ ఎట్లా కుట్టాడో, భుజాల దగ్గర వదులు.

ఫోన్ మోగింది. తెర మీద పేరు: హరికృష్ణ. మహిత ముఖం వెలిగింది.

“ఒక్క నిమిషం, బావా!”

ఆ ఒక్క నిమిషం పదకొండు నిమిషాలు సాగింది. విరిగిన రాతి నంది పక్కన నిలబడి ఒకటే గుసగుస. “తిన్నరా? ఏం తిన్నరు? పచ్చడేనా? అయ్యో!”

పుణెలో కూర్చున్నవాడు పచ్చడి తింటే ఇక్కడ ఓంకార్‌కి కారం తగిలింది.

“అన్నా, ఇంతల వీడియో కోసం కోట చరిత్ర చెప్పు,” అన్నాడు శ్రీకాంత్.

“కాకతీయులు రాతికోట కట్టిండ్రు. దాని చుట్టు మట్టికోట...”

మూడో గోడ సంగతి చెప్పలేదు. అది అతని కడుపులో ఉంది. కంప్యూటర్ వాళ్లు ఫైర్‌వాల్ అంటారే, అది. కాకపోతే వాళ్లది మంటను ఆపుతుంది, ఇతనిది ఎగదోస్తోంది.

“నడుమ శివుని గుడి ఉండె. గుడి పోయింది. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు మిగిలినయ్.”

మహిత ఫోన్ పెట్టేసి వచ్చింది. వినలేదు. ఏదో టైపు చేస్తోంది. ఓంకార్ నిలబడ్డది కోటలోనే గానీ, ఆమె చూపులో అతనికి కోటా లేదు.

పల్లీలు అమ్ముకునే బక్కమ్మ ఇద్దరినీ తేరిపార చూసింది. “సక్కటి జంట బిడ్డా! ఇంటికి పోయినంక దిష్టి తీయించుకోర్రి.”

ఓంకార్ వెంటనే రెండు పొట్లాలు కొన్నాడు. ఆకలి లేదు. ఆ మాట కోసం.

మూడు తోరణాల కింద ఫొటోలు అయిపోయాయి. మూడుచోట్లా ఆమె నవ్వు ఫోన్‌కే పోయింది. ఇక మిగిలింది ఒక్కటే. ఆమె ఒక్కసారి తనని నిండుగా చూడాలి. ఇవాళ కాకపోతే ఇక ఎప్పటికీ కాదు.

మళ్లీ మోగింది ఫోన్. హరికృష్ణే.

ఓంకార్ చెయ్యి చాచాడు. “మహితా, ఆ ఫోన్ నాకియ్యి. ఒక్కసారి నా దిక్కు చూడు.”

ఆమె ఆగింది. ఫోన్ ఇచ్చేసింది. తలెత్తి అతని కళ్లలోకి చూసింది. చిన్నగా నవ్వింది.

“ఏంది బావా, కండ్లల్ల నీళ్లు?”

“దుమ్ము.”

క్లిక్!

“అబ్బ! ఏం చూపన్నా అది!” ఎగిరి గంతేశాడు శ్రీకాంత్. “అక్కా, శుభలేఖ మీదికి ఇదే ఖాయం! నీ మేనబావ మొఖం తీసేసి, లీవు దొరకని పెళ్లికొడుకు హరికృష్ణ సార్ మొఖం అతికిస్త!”