ముప్పై ఒక్క మాటలు

చదువు పరీక్షలో ఇంకా ఇరవై సెకన్లే ఉన్నాయి. సిట్లాలి వేలు మాత్రం రెండో పేరా మొదట్లోనే పాకుతోంది.

గడియారం మీట మీద బొటనవేలు ఆనించి వెర్నా టీచరు లోలోపలే బతిమాలుకుంటోంది. కానీవమ్మా, ఇంకొక్క మాట. నీ పుణ్యముంటుంది, ఒక్క మాట.

తొమ్మిదేళ్ల సిట్లాలికి తొందరేం లేదు. ఒక్కో మాటనూ మూడేసి సార్లు గట్టిగా పలికి, కింద వేలితో గీత గీసినట్టు రుద్ది, అప్పుడు గానీ పక్కమాట జోలికి పోదు. టైమైపోగానే తలెత్తి హాయిగా నవ్వింది.

వెర్నా లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. పోయిన పరీక్షలో ముప్పై ఒకటి. అంతకు ముందూ ముప్పై ఒకటే.

చదువులో వెనకబడిన పిల్లలకు బడి వదిలాక మరో గంట చదువు చెప్పించడానికి రాష్ట్రం డబ్బిస్తుంది. ఊరికే ఇవ్వదు. రాష్ట్రం పెట్టిన మార్కుల గీతకు కింద ఉన్న పిల్లలనే చేర్చుకోవాలి, గీత దాటితే ఆపేయాలి. చేరి మూడేళ్లయినా ఒక్క మెట్టు ఎక్కకపోతే, ఈ చదువు వల్ల ఆ బిడ్డకి ఫలం లేదని పేరు కొట్టేసి, నలభై మైళ్ల అవతల మందబుద్ధి పిల్లల బడికి పంపేయాలి. సిట్లాలికి మూడేళ్లూ ఇవాళ్టితో సరి. తెలిస్తే బెదిరిపోతుందని వెర్నా, పిల్ల తండ్రి హసింతో ఇద్దరూ కూడబలుక్కుని ఆ మాట దానికి చెప్పలేదు.

ముప్పై రెండు వచ్చినా చాలు, గట్టెక్కేది.

అసలు ఈ పిల్ల ఆవిడకి కొరుకుడు పడలేదు. లెక్కల మాస్టారు ఓగ్డెన్ ఇచ్చే లెక్కలు కథల్లా పేజీడేసి ఉంటాయి. వాటిని చకచకా చేసి పారేస్తుంది. పక్కపిల్లలెవరో చదివి పెడుతుంటారని ఓగ్డెన్ అనుమానం. వెర్నాకీ అంతకంటే ఏం తోచలేదు. తప్పు తనదేనని, ముప్పై ఏళ్లు నేర్పింది ఈ ఒక్క పిల్ల దగ్గర బూడిదలో పోసినట్టయిందని కుమిలిపోయేది.

తండ్రి హాజరుకైతే వంక పెట్టడానికి లేదు. ఆ గంటసేపూ పిల్ల పక్కన పెద్దవాళ్లొకరు కూర్చోవచ్చని రూలుంది. మిగతా తండ్రులెవరూ రారు. హసింతో మాత్రం ఆపిల్ తోటలో నిచ్చెన దిగి, బూట్ల మట్టి గుమ్మంలోనే దులుపుకుని, ఆ బుల్లి కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒదిగి కూర్చునేవాడు. సిట్లాలి పుస్తకాన్ని ఆయన వైపుకే జరిపి పెట్టేది. భార్య పోయాక ఆ మనిషికి లోకమంతా ఈ పిల్లే. బడి కాగితం ఏదిచ్చినా కళ్లద్దాలు తోటలో మరిచిపోయానని వెర్నా చేతే చదివించుకునేవాడు. మూడేళ్లయినా ఆ కళ్లద్దాలు ఇంటికి చేరలేదు.

వెర్నా తలుపు తీసింది. వరండాలో గోడకానుకుని నిలబడ్డ హసింతో ఆవిడ ముఖం చూడగానే టోపీ తీసేశాడు.

"ఇంకోసారి పెట్టండి టీచరుగారూ," అన్నాడు.

పెట్టకూడదని చెప్పింది. రాజధానిలోని ఆఫీసుకి పొద్దున్నే ఫోన్ చేసి కాళ్లావేళ్లా పడ్డానని, తమ చేతుల్లో ఏం లేదన్నారని చెప్పింది. నలభై మైళ్ల అవతలి ఆ బడి బస్సు తెల్లవారుజామున ఐదింటికే వస్తుంది. హసింతో నాలుగింటికే తోటకు పోవాలి. పిల్లను లేపి బస్సెక్కించే దిక్కు లేదు.

"నా పిల్ల మొద్దు కాదు టీచరుగారూ. దాన్ని అక్కడ పడేస్తే నిజంగానే మొద్దయిపోతుంది. నేను బతికుండి ఏం లాభం?"

పేరు కొట్టేసే కాగితం మీద సంతకం కావాలని మాత్రం అంది వెర్నా. ఇద్దరూ లోపలికొచ్చారు. సిట్లాలి బల్లకు అవతలి వైపు కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది. దాన్ని కాసేపు బయటికి పంపుదామా అని వెర్నా ఆయన చెవిలో అడిగింది.

"ఉండనీండి. దానికి చదవడం వస్తేగా," అన్నాడు హసింతో. ఆ మాటంటూనే కళ్లు తుడుచుకున్నాడు.

వెర్నా కాగితాన్ని ఆయన ముందు పరిచి, అలవాటు ప్రకారం తానే చదివి వినిపించబోయింది. హసింతో చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీన్ని మాత్రం నేనే చూస్తాను. నా బిడ్డ కాగితం ఇది."

వేలు మొదటి మాట కింద పెట్టాడు. పెదాలు కదిలాయి. "మీ... మీ... మీ. అమ్మాయి... అమ్మాయి... అమ్మాయి." ఒక్కో మాటా మూడేసి సార్లు. నుదుటి మీద చెమట పట్టింది. కళ్లద్దాలు లేవు, వెతుక్కోనూ లేదు. "ఈ... అదనపు... చదువుకు..." వెర్నా చేతిలో కలం అలాగే ఉండిపోయింది. ఆవిడ ఈ చదవడాన్ని మూడేళ్లుగా వింటూనే ఉంది.

తర్వాతి మాట పొడుగ్గా ఉంది. హసింతో రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆగిపోయాడు. గదిలో పెన్సిలు చెక్కుతున్న చప్పుడు ఆగింది.

బల్ల అవతలి నుంచి, తలకిందులుగా ఉన్న ఆ కాగితాన్ని ఓరకంట చూసి, సిట్లాలి మెల్లగా అందించింది: "అనర్హురాలు, నాన్నా."